ఒకే గీత మీద

వ్యాను కప్పు మీది యాంటెన్నాని రేడియో ఆఫీసు ఇన్‌స్పెక్టరు మూడోసారి తిప్పి మళ్లీ అక్కడే ఆపింది. సిగ్నళ్లని చూపించే ఎనలైజర్ తెర మీద సన్నటి రొద మధ్యలోంచి ఒక ముల్లు నిటారుగా లేచింది. యాంటెన్నాని కాస్త ఎడమకి తిప్పితే ముల్లు కుంగింది, కుడికి తిప్పినా కుంగింది. మధ్యకి తెస్తే మళ్లీ లేచి నిలబడింది. ఆమె దిక్సూచి చూసి, బానెట్ మీద పరిచిన మ్యాపు పైన స్కేలు పెట్టి, డిష్ ఆవరణ నుంచి పెన్సిల్‌తో గీత గీసింది. గీత ఊరి మీదుగా, బజారు మీదుగా పోయి రాతి క్వారీ కొండ శిఖరాన్ని తాకింది.

"నేను చెప్పలేదా మేడమ్? కొండ మీద వాళ్లే," అన్నాడు డిష్ ఇంజనీరు. అతని వెనక ఇల్లంత డిష్ ఆకాశానికి మొహం పెట్టుకుని నిలబడి ఉంది. ఊరందరి టీవీలకీ బొమ్మ ఉపగ్రహం నుంచి దాని ద్వారానే వస్తుంది. పది రోజులుగా ఉన్నట్టుండి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోందని కంపెనీ ఫిర్యాదు. అంత దూరం నుంచి దిగి వచ్చే ఉపగ్రహం సిగ్నల్ గుసగుసలాంటిది. పక్కన ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే ఇక వినపడదు. గొంతు పెంచింది ఎవరో కనిపెట్టడమే ఇన్‌స్పెక్టరు ఉద్యోగం.

"అమ్మా, మూడు చోట్ల నుంచి చూడాలి కదా?" అన్నాడు డ్రైవర్ బాబాయ్, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి. పదకొండేళ్లుగా ఆ వ్యాను నడుపుతున్నాడు. యాంటెన్నా తిప్పడం తప్ప ఆ పనిలో అతనికి తెలియనిది లేదు.

"టైము లేదు బాబాయ్. సాయంత్రంలోగా ముగించమని సార్ రెండుసార్లు ఫోను చేశారు. ఈ గీత మీద ఈ బ్యాండులో లైసెన్సున్నది వాళ్లొక్కరికే." ఆమె అప్పటికే మ్యాపు మడుస్తోంది. ఆమె చేతులు ఎప్పుడూ ఊరికే ఉండవు. మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది. కూర్చుంటే సీటు బెల్టు లాగుతుంది, వదులుతుంది.

కొండ వాళ్లది రెండో శ్రేణి లైసెన్సు. డిష్ కంపెనీ లాంటి మొదటి శ్రేణి వాళ్లు వాడుకోగా మిగిలిన సందులో, ఎవరికీ ఇబ్బంది కలగకుండా వాడుకోవచ్చు. ఇబ్బంది కలిగితే ఆపెయ్యాలి. తమకి ఇబ్బంది కలిగితే మాత్రం ఫిర్యాదు చెయ్యకూడదు. ఆ ఏడో షరతుని ఎన్ని లైసెన్సుల్లో టైపు చేసిందో ఇన్‌స్పెక్టరుకే గుర్తు లేదు.

కొండ రోడ్డు నిండా కంకర. పైన క్వారీ పనివాళ్ల ఇళ్లు, చివర ఒక ఆరోగ్య కేంద్రం, దాని గోడకి ఆనుకుని ఒక గది. గదిలో ఒక పెట్టె, ఒక ఫోను, కప్పు మీద పళ్లెమంత యాంటెన్నా. సెల్ ఫోన్ సిగ్నల్ ఎక్కని ఆ కొండకి, కింద ఆసుపత్రికి మధ్య ఉన్న లింకు అదే. దాన్ని చూసుకునే పెద్దావిడ మూతపడిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. కొండ మీద చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఎక్స్ఛేంజి పిన్ని.

"మీ లింకు వల్ల కింద డిష్ వాళ్లకి అంతరాయం వస్తోందండీ. ఆపి సీలు వెయ్యాలి," అంది ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే.

పిన్ని హెడ్‌ఫోను మెడ మీదికి దించుకుంది. "ఆపి చూశారా?"

"ఏమిటి?"

"మా పెట్టె కాసేపు ఆపించి, అక్కడ గోల ఆగిందా లేదా చూశారా అని అడుగుతున్నా."

"కొలతలు తీసుకున్నాం. యాంటెన్నా ఇటే చూపించింది."

"ఇటు చూపిస్తే నేనే అవుతానా అమ్మా? ఇటు చాలా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు సంచీలోంచి సీసం బిళ్ల, తీగ, పటకారు తీసింది. మధ్య తలుపులోంచి నర్సు తొంగి చూసింది. "పది నిమిషాలాగండి మేడమ్. పేషెంటు గుండె, ఊపిరి లెక్కలు కిందకి వెళ్తున్నాయి. డాక్టరుగారు అటు చూస్తున్నారు." ఆవిడ వెనక మంచం మీద ఒక మగమనిషి కూర్చుని ఉన్నాడు. రాతిలో డ్రిల్లు వేసే పని అతనిది. వేలికి క్లిప్పు, ఛాతీకి తీగలు. నడుము ముందుకి వంచి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ఒక్కొక్క ఊపిరినీ మెట్టు ఎక్కినట్టు తీసుకుంటున్నాడు.

పది నిమిషాలూ ఇన్‌స్పెక్టరు వాచీ వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూస్తూ నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నర్సు తల ఊపగానే పిన్ని తనే లేచి స్విచ్చి ఆపింది. ఇన్‌స్పెక్టరు పెట్టె మూతకి తీగ చుట్టి, బిళ్లని పటకారుతో నొక్కి, కాగితం మీద పిన్ని సంతకం తీసుకుంది. సంతకం గుండ్రంగా, తొందర లేకుండా ఉంది.

"ఇక ఏదైనా అయితే కిందకి ఎలా చెప్పాలి?" అంది నర్సు.

"జీపు ఉందిగా," అంది ఇన్‌స్పెక్టరు. అని, రోడ్డు గుర్తొచ్చి, తల తిప్పుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం ఏడింటికి ఆమె ఇంట్లో ప్లేట్లు సర్దుతుంటే ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇదిగో, మళ్లీ గళ్లు పడ్డాయి. కోడలు పిల్ల సరిగ్గా నోరు తెరిచిన టైముకి."

"ఏ కోడలండీ?"

"సీరియల్లో కోడలు. నువ్వు తెరిస్తే ఎవరు ఆపగలరు. అయినా ఇవాళ ఎవరిదో కట్టేసి వచ్చానన్నావుగా?"

ఇన్‌స్పెక్టరు ప్లేట్లు చేతిలో పట్టుకునే టీవీ ముందుకి వచ్చింది. తెర మీద మనిషి మొహం ముక్కలై అక్కడక్కడా పచ్చగా మెరుస్తోంది. గోడ గడియారం చూసింది. ఏడూ ఎనిమిది. పెట్టెకి సీలు పడి నాలుగు గంటలు. ఏడూ ముప్పై రెండుకి బొమ్మ దానంతటదే బాగుపడింది. అంతసేపూ ఆమె ప్లేట్లు కింద పెట్టలేదు.

"అన్నం చల్లారిపోతోంది," అన్నాడు భర్త లోపలి నుంచి.

"మీరు తినండి," అంది. ఆ పూట ఆమె గింజ ముట్టలేదు.

మంగళవారం పొద్దున్నే డిష్ ఇంజనీరుకి ఫోను చేసింది. "సీలు తర్వాత కూడా వచ్చింది కదా?" అంటే, "వాళ్ల దగ్గర ఇంకో పెట్టె ఉందేమో, చూడండి," అన్నాడు. పై అధికారికి ఫోను చేసింది. "ఫిర్యాదు మూసేశామని రాసేశాను. మళ్లీ ఎందుకు తవ్వుతావు?" అన్నాడాయన.

వ్యాను ఎక్కి, "రైలు వంతెన దగ్గరికి పద బాబాయ్," అంది. బాబాయ్ అద్దంలోంచి ఆమెని ఒకసారి చూసి గేరు మార్చాడు.

వంతెన కింద గంటన్నర కాచుకున్నారు. ఆమె ఎనలైజర్ ముందు కూర్చుంది, లేచింది, వ్యాను చుట్టూ తిరిగింది, మళ్లీ కూర్చుంది. పదీ పదికి ముల్లు లేచింది. యాంటెన్నా తిప్పి, రెండో గీత గీసింది. అది కొండ దరిదాపులకి పోలేదు. మొదటి గీతని బజారు దగ్గర కోసుకుంటూ పోయింది. ఆమె పెన్సిల్ కొన అక్కడే కాసేపు ఆగిపోయింది. "బడి మైదానానికి, తొందరగా," అంది. అక్కడి నుంచి గీసిన మూడో గీత కూడా ఆ పక్కనుంచే పోయింది. మూడు గీతల మధ్య చిటికెన వేలి గోరంత త్రికోణం. ఆ గోరు కింద బట్టల దుకాణం మేడ ఉంది.

మేడ మీదికి మెట్లెక్కేసరికి ఆమెకి ఆయాసం వచ్చింది. పైన కొత్త సెల్ టవర్. యాంటెన్నా పలకలకి ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా పూర్తిగా ఒలవలేదు. నీడలో కూర్చుని టిఫిన్ తింటున్న టవర్ టెక్నీషియను గుర్తింపు కార్డు చూసి లేచి నిలబడ్డాడు.

"పది రోజులుగా టెస్టింగే మేడమ్. ఎప్పుడు ఆన్ చెయ్యాలో పైనుంచి షీటు వస్తుంది. ప్రకారం ఆన్ చేస్తా, ఆఫ్ చేస్తా. పర్మిషన్ కాగితం ఇదిగో."

కాగితం నిజమైనదే. ఆమె ఆఫీసు కేంద్ర కార్యాలయం ఇచ్చినదే. ఆమె జాబితాలోకి మాత్రం ఇంకా ఎక్కలేదు. ఇదీ మొదటి శ్రేణే. డిష్ పక్క బ్యాండులో టెస్టు చేసుకోవచ్చు, డిష్ కంపెనీ తన డిష్‌కి పక్క గోలని వడకట్టే ఫిల్టర్ బిగించుకున్నాక. ఆ ఫిల్టర్ టవర్ వాళ్లే కొని ఇవ్వాలి. "ఇచ్చేశాం మేడమ్, ఇరవై రోజులైంది," అన్నాడు టెక్నీషియను. షీటు కాపీ అడిగితే వెంటనే ఇచ్చాడు. దాచాల్సిందేదో ఉందని కూడా అతనికి తెలియదు.

డిష్ ఇంజనీరు స్టోరు గది తాళం తియ్యడానికి మూడు తాళంచెవులు మార్చాడు. ఫిల్టర్ పెట్టె రాక్ కింద, మీద వేసిన టేపు కూడా చింపకుండా ఉంది.

"బిగించాలంటే నాలుగు గంటలు డిష్ ఆపాలి మేడమ్. మావాళ్లు వద్దంటున్నారు. నాలుగు గంటలు ఊళ్లో టీవీ ఆగితే నా ఉద్యోగం ఉండదు." అతను నేల చూస్తూ అన్నాడు. "టవర్ మీద ఫిర్యాదు పెడితే ముందు ఫిల్టర్ ఏదంటారు. అందుకని..."

"అందుకని కొండ."

అతను టేపు అంచుని గోటితో గీరుతూ ఉండిపోయాడు.

పై అధికారి ఫోనులో అంతా విన్నాడు. అడ్డు రాలేదు. చివర్లో అన్నాడు: "ఇద్దరూ పెద్దవాళ్లు. వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. రిపోర్టులో 'ఇతర కారణాలు' అని రాయి చాలు. కొండ సీలు ఉండనీ, ఎలాగూ రెండో శ్రేణి. నెల తర్వాత చూద్దాం."

"సార్, అక్కడ ఆరోగ్య కేంద్రం ఉంది."

"అన్ని చోట్లా ఏదో ఒకటి ఉంటుంది. మనది రేడియో ఆఫీసు."

బుధవారం పొద్దున్న కొండ ఎక్కుతుంటే క్వారీ జీపు ఎదురొచ్చింది. పక్కకి తప్పుకుని బాబాయ్ వ్యాను ఆపాడు. జీపు వెనక సీట్లో నర్సు ఒక్కతే, దుమ్ము పట్టిన మొహంతో కూర్చుని ఉంది. "కిందికి మందుల కోసం పోతున్నా మేడమ్. మీరు పైకి పదండి, పిన్ని ఉంది," అని, జీపు కదులుతుంటే అంది, "నిన్న తెల్లారి డ్రిల్లాయన్ని ఇందులోనే దింపాం. గంటా నలభై నిమిషాలు. దారంతా కూర్చోబెట్టి వీపు పట్టుకున్నా. ప్రాణం ఉంది. లింకు ఉంటే మందు మార్చమని డాక్టరుగారు ఇక్కడికే చెప్పేవారు. కదిలించాల్సిన పనే లేదన్నారు."

ఇన్‌స్పెక్టరు సీటు బెల్టు లాగింది. వదల్లేదు. పైకి వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

గదిలో పిన్ని ఆగిపోయిన పెట్టె ఎదురుగానే కూర్చుని బీరువా కాగితాలు సర్దుకుంటోంది. ఇన్‌స్పెక్టరు ఈసారి చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గోల మీది కాదు. బజార్లో కొత్త టవర్. అది ఆన్ అయినప్పుడల్లా మీ లింకుకీ దెబ్బ తగలాలి. మీకు రాలేదా?"

పిన్ని సొరుగులోంచి ఒక చేతి పుస్తకం తీసి ముందు పెట్టింది. తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ. ఇంక్ పెన్నుతో నిలువు గీతలు కొట్టి పది రోజులవి రాసి ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం దగ్గర ఆగిపోయాయి.

"ఇన్ని రోజులుగా రాస్తూ ఒక్క ఫోను చెయ్యలేదే మీరు?"

"ఏడో షరతు," అంది పిన్ని. "మాకు ఇబ్బంది అయితే ఫిర్యాదు చెయ్యకూడదని మీ కాగితంలోనే ఉందిగా. చదివే సంతకం పెట్టాను."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టింది. మూడు కాగితాలు పక్కపక్కన పరిచింది: డిష్ వాళ్ల ఫిర్యాదు జాబితా, టవర్ షీటు, పిన్ని పుస్తకం. ఇద్దరూ వేళ్లతో ఒక్కొక్క వేళనీ కలుపుకుంటూ వచ్చారు. పిన్ని చదువుతుంటే ఇన్‌స్పెక్టరు టిక్కు పెట్టింది. ఫిర్యాదులో ఉన్న ఇరవై రెండింటిలో ఇరవై ఒకటి టవర్ షీటుతో నిమిషాలతో సహా కలిశాయి. ఒకటి మిగిలింది. శనివారం సాయంత్రం నాలుగూ ఇరవై.

"ఇది వాళ్ల గడియారం తప్పయి ఉంటుంది. వదిలేస్తాను," అంది ఇన్‌స్పెక్టరు.

"అది నాది," అంది పిన్ని.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తింది.

"నాలుగింటికి టవర్ గోల మొదలైంది. డ్రిల్లాయన గుండె గీత కిందకి పోవాలి, పోవట్లేదు. డాక్టరుగారు ఏమీ కనపడట్లేదంటున్నారు. పవర్ రెండు మెట్లు పెంచాను. పెంచకూడదని తెలుసు. గీత వెళ్లింది. తొందరలో దించడం మర్చిపోయాను. అటు టవర్ ఆగిపోయాక కూడా పావుగంట అలాగే ఉండిపోయింది. ఆ పావుగంటా వాళ్లకి తగిలింది నేనే."

"పిన్నిగారూ, ఇది రాస్తే మీ లైసెన్సు పోవచ్చు. రాయకపోతే ఎవరూ అడగరు."

"ఇరవై ఒకటి నిజం రాసి, ఒకటి దాస్తే, రేపు ఎవడో ఆ ఒక్కటే పట్టుకుంటాడు. అదొక్కటే కాదు. నా చేత్తో చేసింది ఇంకొకళ్ల గడియారం మీదికి నెట్టడం నాకు చాతకాదు అమ్మాయ్." పిన్ని పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. "నీది కూడా రాస్తావుగా?"

"నాదేమిటి?"

"మొన్న ఒక్క చోటు నుంచే చూసి వచ్చావు. మీ డ్రైవరు అంటుంటే విన్నాలే, బయట నీళ్లు తాగుతూ. మూడు చోట్లు చూడాల్సింది అని."

కిటికీ అవతల వ్యాను పక్కన నిలబడి బాబాయ్ చక్రానికి ఇరుక్కున్న రాయిని కాలితో తన్నుతున్నాడు. ఇన్‌స్పెక్టరు అప్పటికే రాసి ఉంచుకున్న రిపోర్టులో టవర్ ఉంది, ఫిల్టర్ ఉంది, స్టోరు గది ఉంది. 'సోమవారం ప్రాథమిక పరిశీలన అనంతరం ముందుజాగ్రత్తగా సీలు వేయడమైనది' అన్న వాక్యం కూడా ఉంది. నిన్న దాన్ని మూడుసార్లు దిద్ది మరీ అంత నునుపుగా తయారుచేసింది.

ఆ వాక్యాన్ని ఇప్పుడు కొట్టేసింది. దాని మీద, ఇరుకు అక్షరాల్లో రాసింది: 'ఒక్క దిక్కు కొలతతోనే, లింకు ఆపి చూడకుండానే, సీలు వేశాను. అది నా తప్పు. దానివల్ల ఒక రోగిని అనవసరంగా కొండ దింపాల్సి వచ్చింది.' దాని కింద శనివారం నాలుగూ ఇరవై సంగతి రాసింది. రాసింది పిన్నికి చూపించింది. పిన్ని చదివి, "పావుగంట అన్నావు. పద్దెనిమిది నిమిషాలు," అంది. ఇన్‌స్పెక్టరు దిద్దింది.

తర్వాత పటకారు తీసి తీగ కత్తిరించింది. తప్పని తేలితే వేసిన అధికారే తీసెయ్యొచ్చన్న నియమం ఒకటుంది. ఇన్నేళ్లలో దాన్ని వాడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. పిన్ని స్విచ్చి వేసి, హెడ్‌ఫోను పెట్టుకుని, "హలో, ఆసుపత్రా, కొండ మాట్లాడుతున్నాం," అంది, మధ్యలో రెండు రోజులు పోయినట్టే లేకుండా.

గురువారం ఆఫీసులో ఆమె ముందు ఇన్‌వర్డ్ కౌంటర్లో రిపోర్టు ఇచ్చి, నంబరు వేయించుకుని, కాపీ పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్లింది. ఆయన చదివినంతసేపూ నిలబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటే వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఈ వాక్యం ఎందుకు?" అన్నాడాయన, దిద్దుబాటు మీద వేలు పెట్టి.

"జరిగింది సార్."

"నంబరు కూడా పడింది." ఆయన కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో చదును చేశాడు. "ఇది హెడ్డాఫీసుకి పోకుండా నేను ఆపలేను. ఫిల్టర్ బిగించమని డిష్ వాళ్లకి నోటీసు పోతుంది, పోనీ. కొండకి హెచ్చరిక, పవర్ తగ్గింపు. నీకు మెమో. వచ్చే వారం నుంచి వ్యాను ఇంకొకళ్లకి. నువ్వు రికార్డు రూములో." కాస్త ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "నీకు ఎవరు చెప్పారు ఇలా రాయమని?"

"ఎక్స్ఛేంజి పిన్ని," అంది. ఆయనకి అర్థం కాలేదు.

శుక్రవారం వ్యానులో ఆఖరి పని కొండ మీదే. కొత్త హద్దు ప్రకారం పవర్ తగ్గించి, మీటరుతో కొలిచి, రాసుకుని రావాలి. దారిలో బాబాయ్ మామూలు కంటే నెమ్మదిగా నడిపాడు. "కొత్తవాళ్లు ఎవరొస్తారో. యాంటెన్నా తిప్పడం నేర్చుకోనా ఏమిటి నేనే?" అన్నాడు. ఆమె నవ్వింది. రికార్డు రూముకి కిటికీ ఉందో లేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది.

పవర్ తగ్గించారు. టవర్ ఆగి ఉన్నంతసేపూ లింకు బాగానే పలికింది. టవర్ మొదలైతే, ఈ తగ్గించిన గొంతుతో ఏమీ పోదు. అది ఇద్దరికీ తెలుసు. ఫిల్టర్ డిష్‌ని కాపాడుతుంది గానీ కొండని కాదు. మధ్య తలుపు అవతల, పొద్దున్న జీపులో తిరిగొచ్చిన డ్రిల్లాయన దగ్గు వినిపిస్తోంది. రోజూ సాయంత్రం నాలుగున్నరకి అతని లెక్కలు డాక్టరు చూడాలి.

మూడున్నరకి, ఆసుపత్రి మీదుగా, లింకు ఫోను మోగింది. పిన్ని ఎత్తింది. అవతలి గొంతు గదంతా వినపడేంత పెద్దది. డిష్ ఇంజనీరు.

"అమ్మా, నంబరు ఇన్‌స్పెక్టరుగారు ఇచ్చారు. రేపు మధ్యాహ్నం డిష్ ఆపి ఫిల్టర్ బిగిస్తున్నాం. ఇవాళ నాలుగింటికి మాత్రం మాకొక లైవు ప్రసారం ఉంది. టవర్ షీటులో నాలుగున్నర దాకా టెస్టు లేదట, ఆ తర్వాత మా అదృష్టం. ఈ ఒక్క పూటా..." అతను ఆగాడు. ఎలా అడగాలో తెలియనట్టు మళ్లీ మొదలుపెట్టాడు. "మీరు కాసేపు ఆపగలరా?"

పిన్ని ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఆపాలని అతను నోటీసే ఇవ్వొచ్చు. ఆ హక్కు అతనికి ఉంది. ఇన్నాళ్లూ కొండకి వచ్చినవి నోటీసులే. ఇలా అడిగినవాళ్లు లేరు.

"ఎంతసేపు నాయనా?"

"గంట."

"గంట కుదరదు. నాలుగున్నరకి మాకు డాక్టరుగారి వేళ. నాలుగు నుంచి నాలుగూ ఇరవై ఐదు దాకా ఆపుతాను. నాలుగున్నర నుంచి పది నిమిషాలు నేను మాట్లాడతాను, సన్నటి గొంతుతోనే, నీకు తగలదు. ఇన్‌స్పెక్టరమ్మ ఇప్పుడే కొలిచింది."

"సరేనమ్మా. చాలా..."

"ఆగు, నాదీ ఒకటుంది. ఆ పది నిమిషాలూ టవర్ అబ్బాయిని కూడా ఆగమని చెప్పాలి. నేను చెప్తే వినడు. నేను అడగకూడదు కూడా, షరతుంది. నువ్వు అడగొచ్చుగా?"

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకి జరిగింది.

"అడిగి చెప్తానమ్మా," అన్నాడు.

ఫోను పెట్టేశాక ముగ్గురూ ఎదురుచూశారు. నర్సు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పిన్ని నాలుగింటికి స్విచ్చి ఆపి, ఇరవై ఐదుకి ఆలస్యం లేకుండా మళ్లీ వెయ్యాలంటే ఏ తీగ తీసి ఏది పెట్టాలో మూడు నిమిషాల ముందే సర్దుకోసాగింది. వేళ్లు వాటంతటవే పోతున్నాయి. ఆవిడకి అడ్డం రాకుండా ఇన్‌స్పెక్టరు కాళ్లు వెనక్కి తీసుకుంది. నాలుగుకి రెండు నిమిషాలుందనగా ఫోను మోగింది.

పిన్ని విన్నది. "ఊఁ," అంది. "నాలుగున్నర నుంచేగా? సరే." ఫోను పెట్టి, స్విచ్చి ఆపి, గడియారం వైపు ఒకసారి చూసి, నర్సుతో అంది:

"ఒప్పుకున్నాడట. నాలుగూ ఇరవై ఐదుకల్లా డ్రిల్లాయన్ని ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టు. ఇవాళ తొందర పెట్టకు, మెల్లగానే రానీ."